స్క్రీన్ నల్లగ ఎందుకైతది? లైనక్స్ గ్రాఫిక్స్ డ్రైవర్ల వెనుక నలభై ఏండ్ల కథ

పోస్ట్ పెద్దగనే ఉంటది. మెస్‌కు పోయివచ్చి తీరికగ చదవండి.

మొన్న మన గ్రూపులో ఒక చెల్లె అడిగింది. "అన్నా, సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌ల లైనక్స్ వేసిన. ఇన్‌స్టాల్ మంచిగనే అయింది. రీస్టార్ట్ చేస్తే స్క్రీన్ నల్లగ అయి అట్లనే ఉన్నది. నేనేమన్న చెడగొట్టిన్నా?" అని. కింద ఏడెనిమిది మంది జవాబిచ్చిన్రు. ఒకరు "నోమోడ్‌సెట్ పెట్టు" అన్నరు. ఒకరు "నూవోను బ్లాక్‌లిస్ట్ చెయ్" అన్నరు. ఇంకొకరు "సెక్యూర్ బూట్ ఆఫ్ చెయ్" అన్నరు. ఒకాయనైతే "విండోసే వేస్కో, మనకెందుకీ తిప్పలు" అన్నడు. మొదటి మూడు జవాబులు తప్పు కాదు. కానీ ఎందుకు చెయ్యాలో ఎవరూ చెప్పలే. పసరు మందు పేరు చెప్పకుండా పుడకలు చేతుల పెట్టి నూరుకొని తాగు అన్నట్టే ఉన్నది.

ఇదే కష్టం పోయిన ఏడాది నాకు వచ్చింది. స్కాలర్‌షిప్ పైసలు కొన్ని, నాయిన పత్తి అమ్మి ఇచ్చినయి కొన్ని కలిపి పాత లాప్‌టాప్ కొన్న. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఆ లాప్‌టాప్ ఇంట్ల అందరికీ ఒక ఎద్దు కొన్నంత సంగతి. అది రెండోరోజే నల్లబడితే ఇంటికి ఫోన్ చేసినప్పుడు అవ్వ "కంప్యూటర్ మంచిగున్నదా బిడ్డా" అని అడిగింది. మంచిగున్నది అని అబద్ధం చెప్పిన. నాలుగు రోజులు సరిగ్గ తినలే. నా చేతులతోనే చెడగొట్టిన అనుకున్న.

నిజానికి ఆ నలుపులో నా తప్పు కొంచెమే. మిగతాదానికి చరిత్ర ఉన్నది. పైన చెప్పిన మూడు మందులూ మూడు వేర్వేరు కాలాల్లో, మూడు వేర్వేరు గొడవల్లోంచి పుట్టినవి. ఆ గొడవలు తెలిస్తే ఏ మందు ఎప్పుడు వాడాలో ఎవర్నీ అడగక్కర్లేదు. అందుకే ఈ పోస్ట్.

ముందు డ్రైవర్ అంటే ఏందో చెప్త. మా ఊరి పెద్దమనుషులు పెద్ద ఆఫీసుకు పోయినప్పుడు నడుమ ఒక మనిషి కావాలె. వీళ్ల మాట వాళ్లకు, వాళ్ల మాట వీళ్లకు చెప్పేటోడు, దుబాసీ. లైనక్స్ అనేది ఒక భాష మాట్లాడుతది. గ్రాఫిక్స్ చిప్ ఇంకో భాష మాట్లాడుతది. ఏ చుక్క ఏ రంగులో వెలగాలి, సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారాలి అన్నది ఆ చిప్‌కు దాని భాషలోనే చెప్పాలె. ఆ దుబాసీ పనే డ్రైవర్‌ది. దుబాసీ రాకపోతే, లేక తప్పు చెప్తే, చిప్ ఊకనే కూచుంటది. మనకు కనబడేది నల్ల తెర. లోపల లైనక్స్ బతికే ఉంటది. ఈ ఒక్క మాట ఆ నాలుగు రోజులల్ల నాకెవరన్న చెప్తే బాగుండు.

మరి దుబాసీ ఎందుకు రాడు? చిప్ భాషకు నిఘంటువు ఉంటది. అది చిప్ తయారుచేసిన కంపెనీ దగ్గరనే ఉంటది. ఇస్తే ఎవరైనా డ్రైవర్ రాయొచ్చు. ఇయ్యకపోతే కంపెనీ రాసిందే దిక్కు. కాగితం ఎవరి చేతుల ఉంటే మాట వాళ్లదే అన్న సంగతి మనోళ్లకు ఎవరూ కొత్తగ నేర్పక్కర్లేదు.

ఈ గొడవ లైనక్స్ కంటే పాతది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ పనిచేసేవాడు. అక్కడి పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే, ప్రింట్ ఇచ్చినవాళ్ల తెర మీదికి కబురు వచ్చేలా ఆయన దాని సాఫ్ట్‌వేర్‌ను మార్చుకున్నాడు. తర్వాత జిరాక్స్ కంపెనీ కొత్త లేజర్ ప్రింటర్ ఇచ్చింది. దానికి సోర్స్ కోడ్ ఇవ్వలేదు. కాగితం దానిలోనూ ఇరుక్కునేది, కానీ ఈసారి చేసేదేం లేదు. ఆ కోడ్ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒకాయన దగ్గర ఉందని తెలిసి అడిగితే, బయటికి ఇవ్వనని ఒప్పందం రాసిచ్చానని ఆయన కాదన్నాడు. ఆ దెబ్బ స్టాల్‌మన్ మనసులో ఉండిపోయింది. 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు అనే సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి మొదలు అదే. మన హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో లైనక్స్ తెచ్చింది కదా, దాని వేరు కూడా ఆడికే పోతది. చూడండి, ఇదంతా ఒక ప్రింటర్ డ్రైవర్ కాడ మొదలైంది.

తెర సంగతికి వద్దాం. 1984లో అదే ఎంఐటీలో బాబ్ షీఫ్లర్, జిమ్ గెటీస్ కలిసి ఎక్స్ విండో సిస్టమ్ మొదలుపెట్టారు. కిటికీలు, మౌస్ బాణం, ఒకదాని మీద ఒకటి తెరుచుకునే పెట్టెలు యూనిక్స్ కంప్యూటర్లలో దీని ద్వారా బాగా వ్యాపించాయి. 1987లో వచ్చిన పదకొండో వెర్షన్ ఎంత గట్టిగా నిలబడిందంటే ఇప్పటికీ దాన్ని ఎక్స్11 అనే అంటరు. 1991లో ఫిన్లాండ్‌లో హెల్సింకీ విశ్వవిద్యాలయం విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ రాసి బయటపెట్టాడు. అప్పుడాయన వయసు 21. నాకంటే ఒక్క ఏడాదే పెద్ద. ఈ లెక్క చూసినప్పుడల్లా నాకు కొంచెం సిగ్గు, కొంచెం ధైర్యం. మామూలు పీసీల కోసం ఎక్స్‌ను తయారుచేసే ఎక్స్‌ఫ్రీ86 ప్రాజెక్టు 1992లో మొదలై లైనక్స్‌కు తెర ఇచ్చింది.

ఆ కాలంలో లైనక్స్ వేసుకున్నోళ్ల కష్టం చదివితే మనది కష్టమే కాదనిపిస్తది. అప్పటి మానిటర్లు మన పాత టీవీల్లాంటి పెద్ద గాజు గొట్టాలు. లోపల ఎలక్ట్రాన్ల ధార ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి గీతలు గీస్తూ పోతది. ఆ ధార సెకనుకు ఎన్ని గీతలు గీయాలి, ఎక్కడ ఆగాలి, ఎంతసేపట్లో వెనక్కి రావాలి అన్న అంకెలు మనమే ఒక ఫైలులో చేత్తో రాయాలి. ఆ వరుసను మోడ్‌లైన్ అనేటోళ్లు. మానిటర్‌తో వచ్చిన పుస్తకం పోతే అంకెలు దొరకవు. అంకె తప్పితే తెర నల్లబడుడే కాదు, కొన్ని మానిటర్లు నిజంగానే కాలిపోయే ప్రమాదం ఉండేది. సూచనల పత్రాల్లోనే ఆ హెచ్చరిక రాసి ఉండేది. తర్వాత మానిటర్ తన కొలతలు తానే చెప్పే పద్ధతి వచ్చింది కాబట్టి ఈ బాధ పోయింది. మోడ్ అనే మాట మాత్రం పోలేదు. నోమోడ్‌సెట్‌ల ఉన్న మోడ్ ఇదే: తెర కొలత, రంగుల లోతు, వేగం ఈ మూడూ కలిపి మోడ్. దాన్ని అమర్చుడే మోడ్‌సెట్.

ఇంకో పాయ త్రీడీది. 1992లో సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ ఓపెన్‌జీఎల్ అనే ప్రమాణం తెచ్చింది. బ్రయాన్ పాల్ అనే ఆయన 1993లో సొంతంగా, ఖాళీ సమయంలో, దానికి సరిపోయే ఒక ఉచిత ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టి 1995లో విడుదల చేశాడు. దాని పేరు మెసా. మొదట్లో అది చిప్ సాయం లేకుండా ప్రాసెసర్‌తోనే బొమ్మలు గీసేది. ఈ రోజు మీ లైనక్స్‌లో ఇంటెల్, ఏఎండీ చిప్పులు త్రీడీ గీస్తున్నాయంటే అది మెసా లోపలి డ్రైవర్లతోనే. మీ సిస్టమ్ వివరాలలో గ్రాఫిక్స్ దగ్గర ఎల్‌ఎల్‌వీఎం పైప్ అని కనిపిస్తే మాత్రం చిప్ పని చేస్తలేదు, పాత కాలం లెక్క ప్రాసెసరే అంతా మోస్తున్నది అని అర్థం. ఫ్యాన్ మొత్తుకుంటది, వీడియో ఆగి ఆగి నడుస్తది.

ఇప్పుడు అసలు గొడవ. ఎన్విడియా కంపెనీ 1993లో పుట్టింది. దాని చిప్పులు వేగంలో ముందుండేవి. 2000 నుంచి లైనక్స్‌కు సొంత డ్రైవర్ ఇస్తూ వచ్చింది, కానీ సోర్స్ కోడ్ లేకుండా, మూసిన పెట్టెలాగ. ఎన్‌వీ అనే చిన్న ఓపెన్ డ్రైవర్ ఒకటి ఉండేది గానీ, దాని కోడ్ చూసినా అర్థం కాకుండా రాసి ఉండేది, త్రీడీ రాదు.

మూసిన పెట్టెతో ఒక చిక్కుంది. లైనక్స్ గుండెకాయను కెర్నెల్ అంటరు. అది కొన్ని వారాలకోసారి మారుతది. కంపెనీ డ్రైవర్‌లో పెద్ద భాగం మూసినది, చుట్టూ ఉన్న పలుచని అతుకు భాగం మాత్రం తెరిచినది. కెర్నెల్ మారినప్పుడల్లా ఆ అతుకును మళ్లీ తయారుచెయ్యాలె. దాన్ని మనుషులు మర్చిపోకుండా తనంతట తానే చేసే డీకేఎంఎస్ అనే పనిముట్టును డెల్ కంపెనీ ఇంజనీర్లు 2003లో తయారుచేశారు. "నిన్నటిదాకా బాగుండె, అప్‌డేట్ చేసినంక నల్లబడింది" అని మీలో ఎవరన్న అంటే, పదింట ఏడుసార్లు నేను ముందు చూసేది ఇదే. కొత్త కెర్నెల్‌కు అతుకు తయారు కాలేదు. కెర్నెల్ హెడర్స్ అనే ప్యాకేజీ లేకపోతే అట్లనే అయితది. పదింట ఏడు అన్నది నా అందాజనే, సర్వే ఏం కాదు. అప్పటిదాకా బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు పోయి పాత కెర్నెల్‌తో తెరిస్తే పని నడుస్తది.

కోడ్ మూసిన డ్రైవర్ ఎక్కించిన కెర్నెల్ మీద ఒక ముద్ర పడుతది. దాని ఇంగ్లిష్ పేరుకు తెలుగుల మైలపడ్డది అనే అర్థం వస్తది. ఆ మాట నాకు నచ్చదు, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. కానీ వాళ్ల ఉద్దేశం వేరే. లోపల ఏముందో చూడలేని డ్రైవర్ ఉన్నప్పుడు వచ్చే తప్పును మేం వెతకలేం అని కెర్నెల్ రాసేవాళ్లు చెప్పుడన్నమాట.

నిఘంటువు లేకుండా భాష నేర్చుకోవచ్చా? 2005-06 ప్రాంతంలో స్టెఫాన్ మార్షెసిన్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ ఆ పని మొదలుపెట్టాడు. ప్రాజెక్టు పేరు నూవో. ఫ్రెంచ్‌లో కొత్త అని అర్థం. ఆయన చాట్‌లో ఎన్‌వీ అని కొడితే అది తనంతట తానే నూవో అని మార్చేదట, ఆ పేరే ఖాయమైంది.

వాళ్లు పనిచేసిన పద్ధతి నాకు శానా నచ్చింది. మా తాత వాన పడ్డ తెల్లారి అడివికి పోతే మెత్తటి మన్నుల అడుగులు చూసి ఏ జంతువు, ఎటు పోయింది, ఎంతసేపైంది చెప్పేటోడు. జంతువును చూసేది లేదు, జాడనే చూసేది. నూవో వాళ్లు కూడా జాడ పట్టిన్రు. కంపెనీ డ్రైవర్ నడుస్తున్నప్పుడు చిప్‌లోని చిన్న చిన్న గదుల్లో ఏ అంకె ఉందో రాసుకుంటారు. ఒక త్రిభుజం గీయిస్తారు. మళ్లీ చూస్తారు. ఏ గదిలో అంకె మారింది? రంగు మారిస్తే ఏ గది మారింది? ఇట్ల వేలసార్లు. ఇది చేసే చిన్న ప్రోగ్రాంను మామూలు మనుషులకు ఇచ్చి, మీ కార్డు మీద నడిపి వచ్చింది ఈమెయిల్ చెయ్యండి అని అడిగారు. కోడ్ ఒక్క వాక్యం రాయరానివాళ్లు కూడా తమ కంప్యూటర్ జాడలు పంపారు. తర్వాత డ్రైవర్ చిప్‌తో మాట్లాడే ప్రతి మాటను నడుమ నిలబడి వినే ఎంఎంఐఓ ట్రేస్ అనే పనిముట్టు తయారై 2008లో కెర్నెల్‌లోనే చేరింది. 2010 ఫిబ్రవరిలో 2.6.33 కెర్నెల్‌తోపాటు నూవో అధికారికంగా వచ్చింది. కంపెనీ ఒక్క కాగితం ఇవ్వకుండానే.

అందుకే "నూవోను బ్లాక్‌లిస్ట్ చెయ్" అన్నప్పుడు నాకు కొంచెం బాధనిపిస్తది. అయినా కారణం ఉన్నది. ఒకే చిప్ దగ్గర ఇద్దరు దుబాసీలు కూచోలేరు. కంపెనీ డ్రైవర్ రావాలంటే నూవో లేవాలె. పైగా నూవోకు ఇంకా సరిగ్గ తెలియని కొత్త చిప్ అయితే, బూట్‌లో దానితో మాట్లాడబోయి ఆగిపోతది, తెర నల్లబడుతది. బ్లాక్‌లిస్ట్ అంటే నూవో చెడ్డది అని కాదు, ఈసారికి నువ్వు పక్కన కూచో అనుడు.

ఇదే సమయంలో ఇంకో పెద్ద మార్పు. అప్పటిదాకా మోడ్ అమర్చే పని కెర్నెల్ బయట ఉన్న ఎక్స్ చేసేది. ఎక్స్ ఇరుక్కుంటే తెర మొత్తం పోయేది, తప్పేందో కెర్నెల్ తెర మీద చెప్పలేకపోయేది. 2009 మార్చిలో వచ్చిన 2.6.29 కెర్నెల్‌లో ఇంటెల్ చిప్పులకు ఆ పనిని కెర్నెల్‌లోకి తెచ్చారు. మిగతావి వెనక వచ్చాయి. బూట్ అయ్యేటప్పుడు తెర ఎగిరెగిరి పడుడు తగ్గింది. కానీ కెర్నెల్ మొదట్లోనే డ్రైవర్‌ను నిద్రలేపి మోడ్ అమర్చమంటది కాబట్టి, డ్రైవర్ తడబడితే లాగిన్ కంటే ముందే నల్లబడుతది. అప్పుడు కెర్నెల్‌కు "వద్దు, మోడ్ జోలికి పోకు, ఫర్మ్‌వేర్ ఇచ్చిన తెరతోనే సర్దుకో" అని చెప్పే మాటే నోమోడ్‌సెట్.

ఇక్కడ నా మొదటి తప్పు చెప్త. నోమోడ్‌సెట్ పెడితే తెర వచ్చింది. సంబురంతో దాన్ని శాశ్వతంగా సెట్టింగ్స్‌ల రాసేసిన. ఆ తర్వాత వెలుతురు తగ్గించే మీట పనిచెయ్యలే, అక్షరాలు లావుగ వచ్చినయి, ఫ్యాన్ రాత్రంత మొత్తుకున్నది, రూమ్మేట్ దుప్పటి కప్పుమన్నడు. నోమోడ్‌సెట్ మందు కాదు, కట్టు. డ్రైవర్ వేసుకునేదాకా తెర చూపించెటందుకే. డ్రైవర్ వచ్చినంక తీసెయ్యాలె.

అన్ని కంపెనీలూ ఒక్కటి కాదు. ఇంటెల్ తన చిప్పులకు తన ఉద్యోగులతోనే ఓపెన్ డ్రైవర్ రాయించింది. ఏటీఐ కంపెనీని 2006లో ఏఎండీ కొన్నది. 2007 సెప్టెంబర్‌లో తన చిప్పుల కాగితాలు బయటపెడతామని, ఓపెన్ డ్రైవర్‌కు సాయం చేస్తామని ప్రకటించింది. ఆ దారి 2015లో 4.2 కెర్నెల్‌లో చేరిన ఏఎండీజీపీయూ డ్రైవర్ దాకా వచ్చింది. అందుకే ఇంటెల్, ఏఎండీ చిప్ ఒక్కటే ఉన్న లాప్‌టాప్‌ల లైనక్స్ వేస్తే ఎక్కువసార్లు ఏం చెయ్యకుండనే తెర వస్తది. కాగితం ఇచ్చినకాడ, ఇయ్యనికాడ తేడా ఇంతనే. సెకండ్ హ్యాండ్ కొనబోయే తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే సగం తిప్పలు తప్పుతయి.

2010లో ఎన్విడియా ఆప్టిమస్ అనే పద్ధతి తెచ్చింది. లాప్‌టాప్‌లో రెండు చిప్పులు: ప్రాసెసర్‌లో చిన్నది, పక్కన పెద్దది. బరువు పనికే పెద్దది లేస్తది, బ్యాటరీ మిగులుతది. మంచి ఆలోచనే. లైనక్స్‌కు మాత్రం సాయం రాలేదు. 2011లో బంబుల్‌బీ అనే ప్రాజెక్టుతో బయటి ప్రోగ్రామర్లే ఒక దారి తీశారు. దాని ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌లో ఒక రోజు ఒక స్పేస్ ఎక్కువ పడింది. పాత డ్రైవర్ ఫోల్డర్‌ను తీసెయ్యమని రాయాల్సిన చోట, ఆ ఖాళీ వల్ల యూఎస్ఆర్ అనే ఫోల్డర్ మొత్తాన్ని తీసెయ్యమని అయింది. సిస్టమ్‌లో దాదాపు అన్ని ప్రోగ్రాములూ ఉండే చోటు అది. వేసుకున్నోళ్ల కంప్యూటర్లు ఊడ్చుకుపోయినయి. ఒక్క స్పేస్. సూడో అని కొట్టే ముందు మొత్తం లైన్ చదవండి అని నేను విసిగిస్తా కదా, అందుకే.

2012 జూన్‌లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో జరిగిన సభలో ఒకరు టోర్వాల్డ్స్‌ను ఈ ఆప్టిమస్ గురించే అడిగారు. ఆయన కెమెరా వైపు తిరిగి మధ్యవేలు చూపిస్తూ ఎన్విడియాను తిట్టాడు. వీడియో లోకమంతా తిరిగింది. తిట్టుడు నాకు నచ్చలే గానీ కోపం అర్థమైంది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో ఆ కంపెనీ కొన్ని కాగితాలు నూవో వాళ్లకు ఇవ్వడానికి ఒప్పుకుంది. మళ్లీ 2014 నాటి చిప్పుల నుంచి కొత్త తాళం పడింది. చిప్ లోపల నడిచే ఫర్మ్‌వేర్‌కు కంపెనీ డిజిటల్ సంతకం ఉంటేనే చిప్ ఒప్పుకుంటది. దాంతో నూవో ఆ చిప్పులను పూర్తి వేగానికి తీసుకుపోలేకపోయింది. బండి దొరికింది, మొదటి గేరు దాటదు.

సంతకం అనగానే మూడో మందు గుర్తొస్తది. సెక్యూర్ బూట్. 2012లో విండోస్ 8తోపాటు వచ్చిన లాప్‌టాప్‌ల నుంచి ఇది అన్నిటా కనిపిస్తది. సంతకం లేని ప్రోగ్రాం బూట్‌లో నడవొద్దు అనే కాపలా. వైరస్‌ల నుంచి నిజంగ రక్షణే. కానీ డీకేఎంఎస్ మన కంప్యూటర్‌లోనే తయారుచేసిన అతుకుకు ఎవరి సంతకం ఉంటది? మన సంతకమే. ఆ సంతకాన్ని కాపలాదారుకు ముందుగ పరిచయం చెయ్యాలె. దాన్నే మోక్ ఎన్‌రోల్ అంటరు.

నా రెండో తప్పు ఇక్కడనే. డ్రైవర్ వేస్తున్నప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటే పెట్టిన. రీస్టార్ట్‌ల నీలం రంగు తెర వచ్చింది, మోక్ మేనేజ్‌మెంట్ అని. జన్మల చూడలేదు. ఏదో పాడైందని భయపడి కంటిన్యూ బూట్ నొక్కిన. డ్రైవర్ ఎక్కలే. రెండు రోజులు మళ్లీ మళ్లీ తీసి వేసిన, అదే కథ. చివరికి టెర్మినల్‌ల డ్రైవర్‌ను చేత్తో ఎక్కించబోతే, కీ రిజెక్ట్ అయింది అని ఒక్క లైన్ వచ్చింది. ఆ లైన్ మొదటిరోజే చదివితే అయిపోయేది. ఆ నీలం తెర పది సెకన్లే ఉంటది. అప్పుడు ఎన్‌రోల్ మోక్ ఎంచుకొని, కంటిన్యూ, ఎస్ అని, పెట్టిన పాస్‌వర్డ్ కొట్టాలె. అంతే. సెక్యూర్ బూట్ ఆపక్కర్లేదు. ఆపినా పని అయితది, కానీ కాపలాదారుకు మన సంతకం చూపించే దారి ఉన్నప్పుడు ఆయన్ని ఇంటికి పంపుడెందుకు?

ఇటీవలి కథ తొందరగ చెప్త. 2022 మేలో ఎన్విడియా తన డ్రైవర్‌లో కెర్నెల్ భాగం సోర్స్ కోడ్ బయటపెట్టింది, 2018లో వచ్చిన ట్యూరింగ్ చిప్పుల నుంచి మొదలు. మొత్తం తెరవలేదు. ఓపెన్‌జీఎల్ లాంటివి గీసే భాగం ఇంకా మూసే ఉంది, చాలా పని చిప్ లోపలి ఫర్మ్‌వేర్‌లోకి పోయింది. అయినా నూవో వాళ్లకు అది పెద్ద సందు. 2024 జనవరిలో వచ్చిన 6.7 కెర్నెల్ నుంచి కొత్త చిప్పులకు ఆ ఫర్మ్‌వేర్‌నే వాడుకొని వేగం పెంచగలుగుతున్నారు. మెసాలో ఎన్‌వీకే అనే కొత్త డ్రైవర్ వచ్చింది. ట్యూరింగ్ కంటే పాత చిప్పులకు మాత్రం ఈ లాభం లేదు. మనలో ఎక్కువమంది చేతుల్ల ఉండేవి ఆ పాతవే. కంపెనీ కొన్నేండ్లకు పాత చిప్పులకు కొత్త డ్రైవర్ ఇచ్చుడు ఆపేస్తది. అప్పుడు కొత్త కెర్నెల్‌తో ఆ చిప్పులకు మిగిలేది జాడలు పట్టి రాసిన నూవోనే.

ఇగ చెల్లెకు జవాబు. నల్ల తెర వచ్చినప్పుడు ముందు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కు. తెల్ల అక్షరాల్లో లాగిన్ అడిగితే లైనక్స్ బతికే ఉన్నది, పైన కిటికీలు గీసే భాగమే పడిపోయింది. అది కూడా రాకపోతే పవర్ మీట పట్టుకొని ఆపి, మళ్లీ ఆన్ చేసి, కంపెనీ బొమ్మ రాగానే ఎస్కేప్ కొట్టు. పాత రకం బయోస్ అయితే షిఫ్ట్ పట్టుకో. గ్రబ్ మెనూ వస్తది. లైనక్స్ పేరున్న లైన్ మీద ఉండి ఇంగ్లిష్ అక్షరం ఈ నొక్కు. లైనక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస చివర ఒక స్పేస్ ఇచ్చి నోమోడ్‌సెట్ అని రాసి ఎఫ్10 నొక్కు. ఈ ఒక్కసారికే ఇది పనిచేస్తది. చెడిపోతదని భయపడకు.

తెర వచ్చినంక మందు వేసే ముందు చూపు. టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ అని రాసి, స్పేస్, మైనస్ కే కొట్టు. వీజీఏ లేక త్రీడీ అని ఉన్న చోట నీ చిప్ పేరు ఉంటది. దాని కింద కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్ అనే వరుస ఉంటే ఇప్పుడు ఏ దుబాసీ కూచున్నడో తెలుస్తది. ఆ వరుసే లేకపోతే ఎవరూ కూచోలేదు. నోమోడ్‌సెట్‌తో తెరిచినప్పుడు అట్ల ఉండుడు మామూలే. తర్వాత జర్నల్‌సీటీఎల్, స్పేస్, మైనస్ బీ, స్పేస్, మైనస్ ఒకటి. ఇది ఇప్పటిది కాదు, నల్లబడ్డ పోయినసారి బూట్ చిట్టా. దాంట్ల నూవో, ఐ915, ఏఎండీజీపీయూ, ఎన్విడియా అన్న మాటలున్న వరుసలే చూడు. కారణం అందులోనే దొరుకుతది.

చిప్ ఎన్విడియాది అయితే మింట్‌ల డ్రైవర్ మేనేజర్, ఉబుంటుల అడిషనల్ డ్రైవర్స్ తెరిచి రికమెండెడ్ అన్నది వేసుకో. కంపెనీ వెబ్‌సైట్ నుంచి ఫైల్ దించి వెయ్యకు. అట్ల వేసింది కెర్నెల్ అప్‌డేట్ కాగానే మళ్లీ కూలబడే అవకాశం ఎక్కువ. పాస్‌వర్డ్ అడిగితే కాగితం మీద రాసిపెట్టుకో, నీలం తెరను వదలకు. చిప్ ఇంటెల్‌దో ఏఎండీదో అయితే బయటి డ్రైవర్ ఏదీ వెతకకు. సిస్టమ్ మొత్తం అప్‌డేట్ చెయ్, కొత్త కెర్నెల్ వచ్చేదాకా చూడు. తెర వస్తున్నది గానీ మినుకుమంటున్నది అంటే లాగిన్ కాడ పళ్ల చక్రం గుర్తుంటే నొక్కి వేలాండ్ బదులు ఎక్స్ఓఆర్జీ ఎంచుకొని చూడు.

ఆ రెండు కమాండ్ల ఫొటోలు నాకు పంపు. "స్క్రీన్ వస్తలేదన్నా" అంటే నాకూ ఏం తెల్వది, ఆ వరుసలు చూస్తేనే చెప్పగలుగుత. హాస్టల్ దగ్గరున్నోళ్లు ఆదివారం మధ్యాహ్నం భోజనాలైనంక మా రూముకు రండి. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్, చార్జర్ తెచ్చుకోండి. మా బ్లాక్‌ల ప్లగ్గులు రెండే పనిచేస్తున్నయి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఎవరి దగ్గరన్న ఉంటే అది కూడా.